కుడిపక్క స్పీకరు

ఆదివారం పొద్దున ఆ ఇంట్లో మొదటి మర్యాద స్పీకర్లకి. మనుషులకి కాఫీ ఆ తరువాతే.

పెద్దాయన ముందు హాల్లో కిటికీ తెరలు మూసేవాడు. ఎండ తగిలితే స్పీకరు కాగితం చుట్టూ ఉండే రబ్బరు అంచు పెళుసెక్కిపోతుందని ఆయన భయం. తరువాత నడుమెత్తున్న రెండు చెక్కపెట్టెల మీది ముసుగులు తీసి మడత పెట్టేవాడు. అవి నూలుగుడ్డతో కుట్టించిన ముసుగులు. ప్లాస్టిక్ కప్పితే లోపల చెమ్మ పడుతుందని ఆయన దాన్ని దగ్గరికి రానిచ్చేవాడు కాదు. గడ్డం గీసుకునే బ్రష్షు ఒకటి కేవలం వాటికోసమే సొరుగులో ఉండేది. దానితో దుమ్మును మధ్యలోంచి అంచుల వైపు మెత్తగా దులిపేవాడు. యాంప్లిఫయరు మీటలు అటూ ఇటూ తిప్పి లోపల పట్టిన తుప్పు వదిలించేవాడు. ఆ తరువాత సన్నగా పాట మొదలుపెట్టి, కొంచెం కొంచెంగా పెంచి, అరగంట కాగానే పాట ఏ చరణంలో ఉన్నా కట్టేసేవాడు. మళ్లీ వారం దాకా వాటిని ముట్టుకునే హక్కు ఎవరికీ లేదు.

దీన్ని ఆయన కసరత్తు అనేవాడు. "వారమంతా మూల కూర్చుంటే మనిషికి కీళ్లు పట్టెయ్యవూ? వాటికీ అంతే" అనేవాడు.

"కొన్ననాటి నుంచీ వాటిని కాపాడటమే గానీ, ఒక్క పాట ఆఖరు దాకా విన్న పాపాన పోలేదు" అని అత్తగారు వంటింట్లోంచి సణిగేది. ఆయన పలికేవాడు కాదు. ఈ మధ్య ఆవిడ ఏమన్నా ఆయన పలకడం మానేశాడు. ఆవిడ కూడా మొండికేసి, అవసరమైతే తప్ప ఆయనతో మాట్లాడటం తగ్గించింది. ఒకే ఇంట్లో ఉంటూ ఇద్దరూ ఇరుగుపొరుగు వాళ్లలా బతుకుతున్నారు.

ఉద్యోగంలో ఉన్నప్పుడు పెద్దాయన బస్సు డిపోలో మెకానిక్కు. బానెట్టు ఎత్తకుండానే, ఇంజను చప్పుడు విని దాని జబ్బు చెప్పేసేవాడట. డిపోలో అందరూ ఆయన్ని స్టెతస్కోపు అని పిలిచేవారు. పదవీ విరమణ చేసినా ఆ పేరు మీద మమకారం పోలేదు. ఇంట్లో ఫ్యాను కిర్రుమన్నా, కుళాయి కారినా, పక్కింటి స్కూటరు దగ్గినా తీర్పు ఆయనదే. చెవి విషయంలో ఆయనకి ఎదురు చెప్పే మొనగాడు ఆ ఇంట్లో పుట్టలేదు. బయట పుట్టి ఆ ఇంటికి వచ్చింది మాత్రం ఒకతె ఉంది, కోడలు.

ఆ ఆదివారం కోడలు వంటింట్లో కాఫీ కలుపుతోంది. హాల్లో పాట మొదలైంది, ఆగింది. మళ్లీ మొదలైంది, మళ్లీ ఆగింది. ఆమె గరిట పట్టుకునే గుమ్మం దాకా వచ్చి చూసింది. పెద్దాయన యాంప్లిఫయరు వెనక చేతులు పెట్టి, కుడిపక్క తీగ ఎడమకీ, ఎడమపక్క తీగ కుడికీ మార్చి బిగిస్తున్నాడు. బిగించి వెళ్లి, ఎప్పుడూ కూర్చునే చేతుల కుర్చీలో కూర్చుని విన్నాడు. ముఖం ముడుచుకుపోయింది. లేచి మడత పెట్టిన ముసుగొకటి తీసుకుని, కుట్టు ఉన్న వైపు వెలుగులో తిప్పి చూశాడు.

"ఎవరు ముట్టుకున్నారు వీటిని?"

పెద్దాయన ముసుగు ఎత్తి కోడలికి చూపించాడు.

"పోయిన ఆదివారం మేం ఊళ్లో లేం. నేను ముసుగు వేస్తే కుట్టు గోడవైపు ఉంటుంది. ఇవాళ తీసేటప్పుడు నాకు ఎదురుగా ఉంది. కుడిపక్క ట్వీటరు పోయింది. సన్నటి శబ్దమే రావడం లేదు, దుప్పటి కప్పుకుని పాడినట్టుంది. తీగలు మార్చి చూశాను, అయినా కుడిపక్కే చచ్చింది. అంటే తప్పు యాంప్లిఫయరుది కాదు, స్పీకరుదే. ఎవరు ముట్టుకున్నారు?"

కోడలికి దాచే అలవాటు లేదు. "పోయిన వారం నాకు ప్రమోషన్ వచ్చిందని ఆఫీసు వాళ్లు ఇంటికొచ్చారు మామయ్యగారూ. కాసేపు పాటలు పెట్టుకున్నాం. గట్టిగా మాత్రం పెట్టలేదు."

"ఓహో! పెట్టుకున్నారా? అడగకుండానే పెట్టుకున్నారా?"

"అడగడానికి మీరు లేరు కదా."

"లేనప్పుడే కదా దొంగలు పడేది!"

ఆ మాటకి అత్తగారు గబగబా వచ్చి అడ్డం నిలబడింది. "ఏం మాటలండీ అవి? ఇంటి పిల్లని దొంగంటారా? ఆ రెండు పెట్టెలూ అటుదిటూ ఇటుదటూ మార్చి చూస్తే తేలిపోతుందిగా!"

ఆయన ఆవిడ వైపు చూడను కూడా లేదు. కోడలి మీదే ఉన్నాయి కళ్లు. "మీ అమ్మ కూడా వచ్చిందని పక్కింటాయన అన్నాడు. ఈ తైతక్కలకేనన్నమాట! వస్తువు విలువ ఆవిడకి తెలిస్తేగా కూతురికి నేర్పేది!"

"మా అమ్మ జోలికి రాకండి."

"వస్తాను. నా ఇంట్లో నా వస్తువు పాడైంది."

"పాడవ్వలేదు! నేనూ ఇక్కడే నిలబడి వింటున్నాను. రెండు పక్కలా బాగానే వస్తోంది."

పెద్దాయన నవ్వాడు. వినేవాడి ఒళ్లు మండించే నవ్వు అది. "డిపో మొత్తం నా చెవిని నమ్మింది. నువ్వొచ్చి నాకు వినడం నేర్పుతావా? ఒరేయ్, ఇలా రా!"

కొడుకు తువ్వాలుతో తల తుడుచుకుంటూ వచ్చాడు. ఒక ఇన్సూరెన్సు ఆఫీసులో పని చేస్తాడు. నలుగురికీ మంచివాడు. ఎవరితోనూ తగాదా లేనివాడు. అతని మంచితనం ఖరీదు ఎప్పుడూ పక్కవాళ్లు చెల్లిస్తుంటారన్న సంగతి కోడలికి పెళ్లయిన కొత్తలోనే తెలిసింది.

"విను" అన్నాడు తండ్రి పాట పెడుతూ. "కుడిపక్కది ఎలా ఉంది?"

కొడుకు తల వంచి విన్నాడు. తండ్రి ముఖం చూశాడు. పెళ్లాం ముఖం చూశాడు. మళ్లీ తండ్రి ముఖం చూశాడు.

"అవును నాన్నా. కొంచెం తగ్గినట్టే ఉంది."

కోడలు భర్త వైపు తిరిగింది. ఆ రోజు స్పీకర్ల ముసుగులు తీసింది ఇతను. పాటలు పెట్టింది ఇతను. "ఏం కాదులే, నాన్నకి తెలియదు" అన్నదీ ఇతనే. అందరూ వెళ్లాక ముసుగులు వెనకా ముందూ చూడకుండా తొడిగింది కూడా ఇతనే. చెబుతాడేమోనని చూసింది. కొడుకు తువ్వాలు అంచున ఏదో దారం లాగుతూ నిలబడ్డాడు.

"విన్నావుగా!" అన్నాడు పెద్దాయన. "వాడికి వినపడింది. నీకే వినపడలేదు. చేసిన తప్పు ఒప్పుకుని, ఇంకెప్పుడూ ముట్టుకోనని చెప్పు. చెప్పేదాకా ఈ హాల్లో అడుగు పెట్టొద్దు."

* * *

గదిలో తలుపు వేసుకున్నాక కోడలు గొంతు పెంచలేదు. అదే భర్తని భయపెట్టింది.

"మీకు నిజంగా తగ్గినట్టు వినపడిందా?"

"అబ్బ, ఇప్పుడెందుకే అదంతా?"

"వినపడిందా, లేదా?"

"ఏమో. నాన్న అన్నాడు కదా. ఆయన చెవి సంగతి నీకు తెలీదు."

"ఆయన చెవి సంగతి కాదు నేను అడిగేది. మీ చెవి సంగతి."

అతను మంచం మీద కూలబడ్డాడు. "ఒక్క మాట సారీ అని పడేస్తే పోయేదానికి ఎందుకింత రాద్ధాంతం? చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను, ఆయనకి కాదంటే వారాల తరబడి మాట్లాడడు. అన్నం పెట్టుకుని ఎదురుగా కూర్చుంటాడు, మాట్లాడడు. అది భరించడం నీకు తెలీదు. అవునంటే ఆ పూటతో అయిపోతుంది."

"మీకు అయిపోతుంది. నాకు మొదలవుతుంది. ముసుగు తీసింది మీరు. దొంగనయింది నేను. మాట పడ్డది మా అమ్మ."

"నేను తరువాత మెల్లగా చెబుతాను."

"మీ మెల్లగా ఎప్పుడొస్తుందో నాకు తెలుసు. మన పెళ్లయిన దగ్గర నుంచీ అది దారిలోనే ఉంది." ఆమె బీరువా తెరిచి బట్టలు తీసి సంచీలో పెట్టడం మొదలుపెట్టింది. "భోజనాల వేళకల్లా మీరు మీ నాన్న ముందు నిలబడి, ఆ స్పీకరు బాగానే ఉంది, ముట్టుకున్నది నేను అని చెప్పాలి. చెబితే ఉంటాను. లేకపోతే మా అమ్మ దగ్గరికి వెళ్తున్నాను. ఈసారి నాలుగు రోజులకి కాదు."

"స్పీకరు కోసం కాపురం వదులుకుంటావా?"

"స్పీకరు కోసం కాదు. మీకు వినపడింది మీరు చెప్పనందుకు."

అతను ఏదో అనబోయి, తలుపు అవతల తండ్రి దగ్గు వినపడగానే నోరు మూసుకున్నాడు. కోడలికి నవ్వొచ్చింది, ఆ వెంటనే ఏడుపూ వచ్చింది. రెండూ మింగేసి సంచీ జిప్పు లాగింది.

* * *

భోజనాల వేళయింది. ఎవరూ కంచాలు పెట్టలేదు. కొడుకు గదిలోంచి వచ్చి నీళ్లు తాగాడు, తండ్రిని దాటుకుని వెళ్లి సోఫా అంచున కూర్చున్నాడు. కోడలు సంచీ తెచ్చి అందరికీ కనపడేలా వంటింటి గుమ్మంలో పెట్టింది.

పెద్దాయన కుడిపక్క స్పీకరు ముందు పీట వేసుకుని కూర్చుని, స్క్రూడ్రైవరుతో ట్వీటరు మరలు విప్పబోతున్నాడు. సంచీ చూశాడు.

"బెదిరింపా?"

"కాదు మామయ్యగారూ. మీ హాల్లో అడుగు పెట్టొద్దన్నారుగా. అడుగు తీసేస్తున్నాను."

"వెళ్లేముందు ఓ మాట చెప్పడం ఇప్పటికి నేర్చుకున్నావన్నమాట. వేసవిలో ఇలాగే చెప్పాపెట్టకుండా పుట్టింటికి పోయి నాలుగు రోజులు కూర్చున్నావు. పెద్దవాడొకడు ఇంట్లో ఉన్నాడన్న లెక్క లేదు. ఆ రోజే అనుకున్నాను, ఈ పిల్లకి పొగరెక్కువని."

కోడలు ఇన్నాళ్లూ గుండెలో పెట్టుకున్నదాన్ని ఆయనే వచ్చి గెలికాడు.

"చెప్పలేదా? నేను చెప్పలేదా? ఇదే గుమ్మంలో నిలబడి చెప్పాను. మా నాన్నకి గుండెనొప్పి వచ్చింది, ఆసుపత్రిలో చేర్చారు, వెళ్తున్నాను మామయ్యగారూ అని ఏడుస్తూ చెప్పాను. మీరు ఆ కుర్చీలో కూర్చుని పేపరు తిప్పారు. తల ఎత్తలేదు. అయ్యో అనలేదు. పరాయి మనిషైనా ఒక మాట అడుగుతాడు. మా నాన్న బతికి బయటపడ్డాక కూడా మీరు చూడ్డానికి రాలేదు. ఆ రోజు నుంచీ మీకు అన్నం వడ్డిస్తుంటే నా చెయ్యి నాకే అసహ్యంగా ఉంటోంది!"

"ఎప్పుడు చెప్పావు?"

"నాటకాలొద్దు!"

"ఎప్పుడు చెప్పావని అడుగుతున్నాను!" పెద్దాయన స్క్రూడ్రైవరు పట్టుకునే లేచాడు. "వీడేమో నువ్వు మీ అమ్మని చూడ్డానికి వెళ్లావన్నాడు. పది రోజుల తరువాత, మామగారికి కాస్త నలతగా ఉండింది, తగ్గిపోయిందిలే అన్నాడు. గుండెనొప్పా? నాకు ఎవరు చెప్పారు? మీ అత్తయ్య ఆ రోజుల్లో అసలు ఊళ్లోనే లేదు. నాకు చెబితే నేను రానా? అంత కసాయివాణ్నా?"

కోడలు ఆయన కళ్లలోకి చూసింది. ముసలాయన మొండి. నోటిదురుసు. క్షమించమన్న మాట పుట్టుకతోనే లేనివాడు. అన్నీ నిజమే. కానీ అబద్ధం ఆడగా ఆమె ఎన్నడూ వినలేదు. ఆ కళ్లలో ఉన్నది కోపం కూడా కాదు, తెల్లబోవడం.

"నీతో వాదన నాకెందుకు" అని ఆయన మళ్లీ స్పీకరు వైపు తిరిగి పీట మీద కూర్చున్నాడు. ఆయన కుడిపక్కన నాలుగడుగుల దూరంలో వంటింటి గుమ్మం. అందులో కోడలు. ఆమెకి ఏదో తట్టింది. గొంతు మామూలుగా చేసుకుని, రోజూ అడిగినట్టే అడిగింది.

"మామయ్యగారూ, కాఫీ తాగుతారా?"

ఆయన మర విప్పుతూనే ఉన్నాడు.

"మామయ్యగారూ, మంచినీళ్లు కావాలా?"

మర ఊడింది. దాన్ని జాగ్రత్తగా జేబులో వేసుకున్నాడు.

"చూశావా పొగరు" అంది అత్తగారు. "నాతోనూ ఇంతే. ఇక్కణ్నించి గొంతు చించుకున్నా పలకడు. మనమంటే అంత అలుసు."

కోడలికి తన ఆఫీసు గుర్తొచ్చింది. అక్కడ రోజంతా హెడ్‌సెట్లు పెట్టుకుని ఫోన్లు వినడమే పని. ఎవరికైనా ఒకపక్క వినపడకపోతే కొత్త హెడ్‌సెట్ అడిగే ముందు ఒక పని చెయ్యాలి. దాన్ని తిప్పి పెట్టుకోవాలి. కుడిది ఎడమకీ, ఎడమది కుడికీ. అప్పుడు రెండో పక్క వినపడకపోతే హెడ్‌సెట్ మార్చాలి. మొదటి పక్కే వినపడకపోతే హెడ్‌సెట్ తప్పు కాదు, ముందు చెవి చూపించుకోవాలి. ఆ గదిలో కొత్తగా చేరినవాళ్లకి మొదటిరోజు చెప్పే పాఠం అది.

పెద్దాయన తీగలు మార్చాడు. తను కూర్చునే చోటు మార్చలేదు.

ఆమెలో అప్పటికి దయ లేదు. పొద్దుటి నుంచీ పడ్డ మాటలన్నీ ఒంట్లో మండుతున్నాయి. నిజం దొరికింది, దాన్ని ఆయన ముఖాన కొట్టాలి, అంతే. నేరుగా వెళ్లి చేతుల కుర్చీని బర్రున లాగి, వీపు స్పీకర్లకి వచ్చేలా తిప్పింది.

"మరలు తరువాత విప్పొచ్చు. ఆ మర బిగించేసి, ఇందులో కూర్చోండి."

"ఏంటీ వేషాలు?"

"మీ చెవి మీద మీకంత నమ్మకం కదా. కూర్చోండి. స్పీకరు పోయిందని ఇలా కూర్చుని కూడా చెబితే, మీ కాళ్లకి దణ్ణం పెట్టి తప్పు ఒప్పుకుంటాను. ఇంకెప్పుడూ మీ ఎదురుగా మాట్లాడను."

ఆ పందెం ఆయనకి నచ్చింది. మర బిగించి వచ్చి, గెలిచినవాడి ధీమాతో కూర్చున్నాడు. కోడలు పాట పెట్టింది.

కొంతసేపు ఏమీ కాలేదు. తరువాత పెద్దాయన కనుబొమలు కదిలాయి. పోయిందన్న స్పీకరు ఇప్పుడు ఆయనకి ఎడమపక్కన ఉంది. గాజుగ్లాసు మీద చెంచాతో కొట్టినంత స్పష్టంగా పలుకుతోంది. బాగున్న స్పీకరు దుప్పటి కప్పుకుంది.

"తీగలు మార్చావు!" అని గర్జించి లేచాడు.

"నేను తీగల దగ్గరికే వెళ్లలేదు. మీ కళ్ల ముందే ఉన్నాను. చూసుకోండి."

ఆయన వెళ్లి చూశాడు. ఒక్కో తీగనూ వేలితో తడిమాడు. పొద్దున తను బిగించినవి బిగించినట్టే ఉన్నాయి. వచ్చి కూర్చున్నాడు. తల ఒకపక్కకి తిప్పాడు. ఇంకోపక్కకి తిప్పాడు. ఎడమ చెవి అరచేత్తో మూసుకున్నాడు. మూసుకోగానే ఆయన ముఖంలో ఏదో ఆరిపోయింది. పాట నడుస్తూనే ఉంది, గదిలో ముగ్గురూ వింటున్నారు. ఆయన మాత్రం చెయ్యి తియ్యకుండా, పాడుతున్న గొంతు ఎక్కడికి పోయిందో వెతుకుతున్నట్టు నేలకేసి చూస్తూ ఉండిపోయాడు.

కోడలు గెలిచింది. గెలిచిన క్షణంలోనే, ఈ మాట నలుగురి మధ్యా చెప్పి ఉండకూడదని ఆమెకి అర్థమైంది. ఒక మనిషి ఒంట్లో ఆయన అన్నింటికంటే నమ్ముకున్నదాన్ని కుర్చీ తిప్పి మరీ లేదని చూపించింది. గబుక్కున వెళ్లి పాట కట్టేసింది.

"చెవిలో గుబిలి పట్టినా ఇలాగే ఉంటుంది మామయ్యగారూ" అంది, పొద్దుటి నుంచీ మొదటిసారి మెత్తగా. "డాక్టరుకి చూపిస్తే..."

"ఇంజనుకి మసి పట్టడం వేరు, లోపల అరిగిపోవడం వేరు." ఆయన గొంతు బొంగురుగా ఉంది. "అనుమానం నెలరోజుల నుంచీ ఉంది. కుడిపక్క మందంగా ఉందని నాకు ముందే అనిపించింది. ఊరెళ్లక ముందే. ముసుగు తిరగబడి కనపడేసరికి నీ మీద తోసేశాను. తోసేస్తే హాయిగా ఉండింది."

అత్తగారు గోడకి చేరబడింది. ఆవిడ చూపు ఆయన కుర్చీ మీదికీ, వంటింటి గుమ్మం మీదికీ పోతోంది. ఆ కుర్చీ ఎప్పుడూ ఉండే చోట ఆ గుమ్మం ఆయనకి కుడిపక్క.

"నేను ఇక్కణ్నించే పిలుస్తాను" అంది మెల్లగా. "ఎప్పుడూ ఇక్కణ్నించే. పలకకపోతే నేనంటే విసుగొచ్చిందనుకున్నాను. వయసు మళ్లాక ఇక నాతో ఏం పనిలే అనుకున్నాను. నిన్న రాత్రి అన్నంలోకి ఏం కావాలని మూడుసార్లు అడిగి, పలక్కపోతే పళ్లెం విసురుగా పెట్టాను కదండీ మీ ముందు." ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"విసురుగా పెట్టావని చూశాను" అన్నాడు ఆయన. "ఎందుకో తెలియలేదు. నీకే నేనంటే విసుగొచ్చిందనుకున్నాను."

కొడుకు సోఫా అంచు నుంచి లేచాడు. "నాన్నా, రేపే మంచి డాక్టరు దగ్గరికి..."

"నువ్వాగు." పెద్దాయన తల తిప్పి ఎడమ చెవి కొడుకు వైపు పెట్టాడు. "పొద్దున నీకు ఎలా వినపడింది?"

కొడుకు పెదవులు తడుపుకున్నాడు. అవును, కాదు అన్న రెండు మాటల్లో ఏది చెబితే ఈ పూట గడుస్తుందో అతనికి మొదటిసారి తోచలేదు.

"బాగానే వినపడింది నాన్నా. రెండు పక్కలా."

"మరి తగ్గిందన్నావు."

"మీరు అన్నారని అన్నాను. పాటలు పెట్టింది కూడా నేనే. ముసుగు వేసింది నేనే. మామగారి గుండెనొప్పిని నలతని చెప్పిందీ నేనే."

"నా చెవి నాకు అబద్ధం చెప్పింది. ముసలిది, పోనీ అనుకుంటాను. నీ చెవులు బాగానే ఉన్నాయి కదరా! నువ్వెందుకు చెప్పావు అబద్ధం? తగ్గలేదు నాన్నా అని నువ్వు ఒక్కమాట అనుంటే, నా చెవి సంగతి నాకు పొద్దున్నే తెలిసేది. ఈ పిల్లని అన్ని మాటలు అనేవాణ్ని కాదు." ఆయన అరుస్తున్నాడు, అరుస్తూనే కళ్లు తుడుచుకుంటున్నాడు. "నా పెంపకం ఇంత గొప్పగా ఉందన్నమాట. కన్నకొడుకు నాకు నిజం చెప్పడానికి భయపడేంత!"

కొడుకు ఏడ్చాడు. చంటిపిల్లాడిలా కాదు, చాలాకాలంగా నిలబడి ఉన్నవాడు కూలబడినట్టు ఏడ్చాడు. అత్తగారు వెళ్లి అతని భుజం మీద చెయ్యి వేసింది. కోడలు వెళ్లలేదు. ఆమెకి జాలి వేసింది, కానీ ఆ జాలి వెనకే పొద్దుటి కోపం కూడా నిలబడే ఉంది. అతను కళ్లెత్తి చూస్తే, "మీ సంగతి తరువాత" అంది.

పెద్దాయన తిప్పి ఉన్న కుర్చీని తనే ఎత్తి, వంటింటి గుమ్మానికి దగ్గరగా, తన ఎడమపక్క గుమ్మం వైపు వచ్చేలా వేసుకున్నాడు. కూర్చుని, చేతులు ఒళ్లో పెట్టుకుని, కోడల్ని చూశాడు.

"ఆ రోజు ఇక్కడ నిలబడి ఏం చెప్పావో ఇంకోసారి చెప్పమ్మా."

"ఇప్పుడెందుకు మామయ్యగారూ?"

"నేను వినలేదు. చెప్పు."

కోడలు గుమ్మంలో సంచీ పక్కన నిలబడింది. "మామయ్యగారూ... మా నాన్నకి గుండెనొప్పి వచ్చింది. ఆసుపత్రిలో చేర్చారు. నాకు భయంగా ఉంది. నేను వెళ్తున్నాను."

"అయ్యో" అన్నాడు పెద్దాయన. లేచి, చొక్కా తగిలించిన కొక్కెం వైపు నడిచాడు. "పద. నేనూ వస్తాను."

అందరూ ఆయన వంకే చూశారు.

"అలా చూస్తారేం? అప్పుడు వెళ్లలేదు. మనిషి బతికే ఉన్నాడుగా, ఇప్పుడు వెళ్తాను. వాళ్లావిణ్ని కూడా నోటికొచ్చినట్టు అన్నాను. అదీ ముఖం మీదే చెప్పుకోవాలి." కొడుకు వైపు తిరిగాడు. "నువ్వు ఇంట్లో ఉండి, మీ అమ్మకి అన్నం పెట్టు. కావాలంటే పాటలు కూడా పెట్టు."

కోడలు సంచీలోని బట్టలు ఏం చెయ్యాలో తెలియక, సంచీ అక్కడే వదిలేసి చెప్పులు వేసుకుంది. ఇద్దరూ మెట్లు దిగారు. వీధిలోకి వచ్చాక పెద్దాయన అడుగు నెమ్మదైంది. గేటు పట్టుకుని ఆగిపోయాడు.

"అమ్మాయ్, మీ నాన్న గొంతు మెల్లగా ఉంటుంది కదా. ఆయన ఏమన్నా అంటే నాకు వినపడకపోతే? మళ్లీ నన్ను పొగరనుకుంటాడేమో."

కోడలు ఆయన వెనకగా వెళ్లి అటువైపు చేరింది.

"నేను మీ పక్కనే కూర్చుంటాను మామయ్యగారూ. ఎడమపక్కన. ఆయన అన్నది అన్నట్టు మీకు చెబుతాను."